ఇంట్లో కూర్చుని అంగారకుడి మీద సర్వే: నేను వాడి చూసిన సేవలు

ముందే తేల్చి చెప్పేస్తాను. అంగారకుడి మీద, దాని చుట్టూ తిరిగే యంత్రాలతో మామూలు జనానికీ పని కల్పిస్తామంటూ వచ్చిన సేవల్లో నేను ఐదుకి ఐదు మార్కులు వేసేది హైవిష్‌ ఒక్కదానికే; అంగారకుడి చుట్టూ తిరిగే కెమెరా ఏ చోట ఫొటో తీయాలో జనం కోరే సేవ అది. రోవర్లు పంపే ముడి ఫొటోల పేజీకి నాలుగున్నర. యాక్సెస్ మార్స్‌కి మూడు. తలకి తగిలించుకునే పరికరాల మీద నడిచేవాటికి మార్కులు వేయడం కూడా దండగే, ఎందుకో కింద చెప్తాను.

నా పని భూమి కొలవడం. కోణాలూ దూరాలూ కొలిచే టోటల్ స్టేషన్ యంత్రం భుజాన వేసుకుని తిరిగే మనిషిని. కాబట్టి ఎంత గొప్ప ఫొటో చూపించినా నా నోటివెంట మొదట వచ్చే ప్రశ్నలు ఒకటే: కెమెరా ఎక్కడ నిలబడింది, ఎటు చూస్తోంది, ఆ రాయి ఎంత దూరంలో ఉంది? వీటికి జవాబు లేని ఫొటో గోడకి అంటించుకోవడానికి బాగుంటుంది, అంతే. ఈ సేవలన్నీ ప్రభుత్వ అంతరిక్ష సంస్థ ఒక చెయ్యి, కంపెనీయో విశ్వవిద్యాలయమో ఇంకో చెయ్యి వేస్తే నడిచేవి. అందుకని ఇంకో రెండు కూడా చూస్తాను. నేను నొక్కిన నొక్కు ఎంతవరకు వెళ్తోంది? భాగస్వామి కంపెనీ రేపు సర్దుకుని వెళ్లిపోతే నా చేతిలో ఏం మిగుల్తుంది?

కొత్తగా వచ్చేవాళ్లు ఒకటి తెలుసుకుని రావాలి. ఇంట్లో కూర్చుని జాయ్‌స్టిక్‌తో రోవర్‌ని నడిపే సేవ లేదు, ఉండదు కూడా. భూమికీ అంగారకుడికీ మధ్య దూరాన్ని బట్టి రేడియో సంకేతం ఒకవైపు వెళ్లడానికే సుమారు 3 నిమిషాల నుంచి 22 నిమిషాలు పడుతుంది. 'రాయి, ఆగు' అని మీరు అనేలోపు చక్రం ఆ రాయి ఎక్కేసి ఉంటుంది. అందుకే అసలు నడిపేవాళ్లు కూడా అక్కడి రోజుకి, అంటే 24 గంటల 39 నిమిషాల సోల్‌కి సరిపడా పని మొత్తం రాసి ఒక్కసారే పంపిస్తారు. రోవర్ తన పని తను చేసుకుని, తల మీదుగా ఆర్బిటర్, అంటే గ్రహం చుట్టూ తిరిగే నౌక, వెళ్లినప్పుడు ఫొటోలు అప్పజెప్తుంది. నిపుణులకే ఇది ఉత్తరాల మీద ఆడే చదరంగం. నాసా రోవర్ క్యూరియాసిటీ గట్టి, చదునైన నేల మీద శక్తికొద్దీ పరిగెత్తినా సెకనుకి 4 సెంటీమీటర్లు. ఈ నెమ్మది మీకు నచ్చకపోతే మిగతా సమీక్ష చదవక్కర్లేదు.

సరదావి ముందు చెప్పేసి పక్కన పెడదాం. 'మీ పేరు అంగారకుడికి పంపండి' అనే పథకంలో పర్సెవరెన్స్ రోవర్ మీద 1.09 కోట్ల పేర్లు గోరంత చిప్పుల మీద చెక్కి పంపారు. బోర్డింగ్ పాస్ ముద్రించుకోవచ్చు, పిల్లలు మురిసిపోతారు. పేరు వెళ్తుంది, తిరిగి వచ్చేది ఏమీ ఉండదు. పేరు పెట్టే పోటీలు దానికంటే నయం. స్పిరిట్, ఆపర్చునిటీ అనే జంట రోవర్ల పేర్లు 9 ఏళ్ల పాప సోఫీ కాలిస్ వ్యాసంలోంచి వచ్చాయి. ఆ పోటీ నడపడంలో నాసాతో పాటు లెగో కంపెనీ, ప్లానెటరీ సొసైటీ ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో పర్సెవరెన్స్ దిగుతున్నప్పుడు పారాచూట్ మీద నారింజ తెలుపు పట్టీల్లో బైనరీ సందేశం దాచి, కనుక్కోండి చూద్దాం అని వదిలారు. కొన్ని గంటల్లోనే జనం విప్పేశారు. ఆ సందేశం చివర, ఈ రోవర్లని నడిపే నాసా ప్రయోగశాల జేపీఎల్ అక్షాంశ రేఖాంశాలు కూడా ఉన్నాయి. కోఆర్డినేట్లు కనబడ్డాక నాకు నచ్చకుండా ఉంటుందా!

ఇక యాక్సెస్ మార్స్. 2017 అక్టోబరులో జేపీఎల్, గూగుల్ కలిసి తెచ్చాయి. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, ఏదీ దింపుకోనక్కర్లేదు. క్యూరియాసిటీ దిగిన చోటు, పాహ్రంప్ హిల్స్, మరియాస్ పాస్, మర్రీ బ్యూట్స్ అనే చోట్లలో నిలబడి చుట్టూ చూడొచ్చు. నేల మీద నొక్కితే అక్కడికి తీసుకెళ్తుంది. గుర్తు పెట్టిన చోట నొక్కితే జేపీఎల్ శాస్త్రవేత్త కేటీ స్టాక్ మోర్గాన్ గొంతు ఆ రాయి సంగతి చెప్తుంది. చెప్పే తీరు బాగుంది. పొడిపొడి మాటల్లో, గొప్పలు లేకుండా, పొరలు పొరలుగా ఉన్న ఆ రాయి ఒకప్పటి సరస్సు అడుగున పేరుకున్న బురదే అని ఎందుకు అనుకుంటున్నారో విప్పుతుంది.

దీనిలో నాకు బాగా నచ్చింది చాలామంది లోపం అనుకునేదే. ఏదైనా రాయి చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లండి. ముందువైపు గులకలు సైతం లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్న రాయి, వెనకవైపు సాగదీసిన రంగు మరకలా జారిపోయి కనిపిస్తుంది. కారణం తేలికే. ఈ నేల మొత్తం రోవర్ తీసిన జంట ఫొటోల నుంచి లెక్క కట్టి పోసిన అచ్చు. రోవర్ ఆ రాయి వెనక్కి ఎప్పుడూ వెళ్లలేదు, కాబట్టి అక్కడ ఏముందో ఎవరికీ తెలియదు. చిత్రకారుడితో అందంగా నింపించకుండా అలాగే వదిలేశారు. ఆ సాగిన మరకలు ఎటువైపు ఉన్నాయో చూసుకుంటూ పోతే రోవర్ ఏ దారిన నడిచిందో, ఎక్కడ ఆగి చూసిందో మ్యాపు లేకుండానే చెప్పొచ్చు. కొన్నిచోట్ల నేల బూడిదరంగు, కొన్నిచోట్ల రంగుల్లో ఉండడం కూడా అలాంటిదే: దారి చూసుకునే నావ్‌క్యామ్ నలుపు తెలుపుల్లో తీస్తుంది, స్తంభం మీది మాస్ట్‌క్యామ్ రంగుల్లో తీస్తుంది. కొలతలకి పనికొచ్చే సరుకు కాదు, నిలబడి చూడడానికి చేసింది. ఆ పని బాగా చేస్తుంది.

మరి మూడే మార్కులెందుకంటారా? ఇది ప్రదర్శనశాల. మీరు ఎంత నొక్కినా అవతల ఏ యంత్రానికీ ఏ కబురూ వెళ్లదు. పైగా ఈ జాతి సేవలకి ఆయుష్షు తక్కువ. దీని తల్లి ఆన్‌సైట్ అనే సాఫ్ట్‌వేర్. 2015 జనవరిలో మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ కళ్లద్దాలతో పాటే ప్రకటించారు. క్యూరియాసిటీ శాస్త్రవేత్తలు నిజంగా వాడారు, 2018కి గాను నాసా వారి ఉత్తమ సాఫ్ట్‌వేర్ అవార్డు కూడా వచ్చింది. చదునైన తెర మీద గుట్ట ఎంత వాలుగా ఉందో, రాయి ఎంత దూరమో కంటితో అంచనా వేయడం కష్టం; కళ్లద్దాలు పెట్టుకుంటే అక్కడే నిలబడ్డట్టు ఉంటుంది. ఆలోచన బంగారం. జనం కోసం 2016లో కెన్నెడీ స్పేస్ సెంటర్‌లో ప్రదర్శన కూడా పెట్టారు, బజ్ ఆల్డ్రిన్ హోలోగ్రామ్ రూపంలో చెయ్యి పట్టుకుని తిప్పినట్టు తిప్పేవాడు. తర్వాత? హోలోలెన్స్ 2 తయారీ 2024లో ఆపేశారు, 2027 చివరితో అప్‌డేట్లు కూడా బంద్. యాక్సెస్ మార్స్ ఏ వెబ్‌వీఆర్ పద్ధతి మీద పుట్టిందో దాన్ని బ్రౌజర్లు వదిలేసి వెబ్‌ఎక్స్‌ఆర్‌కి మారిపోయాయి. 2012లో క్యూరియాసిటీ దిగే ముందు, ఒంటి కదలికలు పట్టే మైక్రోసాఫ్ట్ కెమెరా కినెక్ట్ కోసం ల్యాండింగ్ ఆట ఒకటి ఉచితంగా ఇచ్చారు, చేతులు ఊపుతూ రోవర్‌ని దింపాలి. ఆ కినెక్టే 2017లో ఆగిపోయింది. నేను ఈ పిచ్చిలో పడి ఒక కంపెనీ హెడ్‌సెట్ కొన్నాను. పేరెందుకు లెండి. కొంతకాలానికి దానికి మద్దతు తీసేస్తున్నామని ఒక నోటీసు. పరికరంలో ఏ లోపమూ లేదు, దాన్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేరే లేదు. అలమారలో ఉంది, మనవడు ఈత కళ్లద్దాలు అనుకుంటాడు.

కంపెనీలంటే నాకు కడుపుమంట అనుకోకండి. కంపెనీ ముందు నిలబడి తన వస్తువు చూపించుకోవడానికి వచ్చిన భాగస్వామ్యాలు ఇలా పోయాయి. వెనక నిలబడి బరువు మోసినవి నిలిచాయి. 1997 జులైలో నాసా ల్యాండర్ పాత్‌ఫైండర్ దిగి, సోజర్నర్ అనే చిన్న రోవర్‌ని వదిలినప్పుడు మొదటి నెలలోనే వెబ్‌సైటుకి 50 కోట్లకు పైగా హిట్లు వచ్చాయి. అప్పటి ఇంటర్నెట్‌కి అది ఉప్పెన. ఒక్క ప్రయోగశాల సర్వర్లతో అయ్యే పని కాదు కాబట్టి కంపెనీలూ విశ్వవిద్యాలయాలూ తమ తమ కంప్యూటర్ల మీద అదే సైటుకి నకళ్లు పెట్టి ఆదుకున్నాయి. 2012లో క్యూరియాసిటీ దిగిన రాత్రి ఆ పని అమెజాన్ క్లౌడ్ చేసింది. చూసేవాడికి కంపెనీ కనబడదు, ఫొటో కనబడుతుంది. నాకు కావలసింది ఇదే పద్ధతి.

దాని అసలు ఫలితం ముడి ఫొటోల పేజీ. స్పిరిట్, ఆపర్చునిటీ రోజుల నుంచీ, అంటే 2004 నుంచీ, రోవర్ పంపిన ఫొటోలు భూమికి చేరగానే దాదాపు అలాగే జనానికి పెట్టేసే అలవాటు మొదలైంది. ఆ రోవర్ల ముఖ్య శాస్త్రవేత్త స్టీవ్ స్క్వైర్స్ బృందం ఆ తలుపు తెరిచింది, తర్వాతి వాళ్లు మూయలేదు. క్యూరియాసిటీ మాస్ట్‌క్యామ్ చేసింది మాలిన్ స్పేస్ సైన్స్ సిస్టమ్స్ అనే ప్రైవేటు కంపెనీ. అయినా దాని ఫొటో మీకూ నాకూ ఒకేలా వస్తుంది, లాగిన్ లేదు, వాటర్‌మార్కు లేదు.

మొదటిసారి చూసేవాళ్లకి ఆ పేజీ గోడౌన్‌లా ఉంటుంది. సోల్ నంబరు, కెమెరా పేరు ఎంచుకుని వెతకాలి. ముందు చీటీ అంత బొమ్మలు వస్తాయి, అసలు సైజువి తర్వాతి ఆర్బిటర్ పాసుల్లో దిగుతాయి. కొన్ని ఎప్పటికీ దిగవు కూడా. సగం ఫొటోలు రోవర్ సొంత చక్రాలవి, పైభాగానివి, రంగుల అమరిక కోసం పెట్టిన పలకవి. ఓపిక పట్టండి. నావ్‌క్యామ్ ఎడమ, కుడి జంటలు దొరికితే పండగే.

ఎందుకో లెక్కతో చూపిస్తాను. క్యూరియాసిటీ నావ్‌క్యామ్‌ల మధ్య ఎడం సుమారు 42 సెంటీమీటర్లు. ఫొటో 1024 పిక్సెళ్లు, చూపు వెడల్పు సుమారు 45 డిగ్రీలు, అంటే ఒక్కో పిక్సెల్‌కి దాదాపు 0.82 మిల్లీరేడియన్లు (కోణం కొలత, రేడియన్‌లో వెయ్యో వంతు). ఇప్పుడు ఒక రాయి మొనని ఎడమ ఫొటోలో పట్టుకోండి, కుడి ఫొటోలో అదే మొన ఎన్ని పిక్సెళ్లు పక్కకి జరిగిందో చూడండి. 50 పిక్సెళ్లు అనుకుందాం. 50ని 0.82తో గుణిస్తే 41 మిల్లీరేడియన్లు. 0.42ని 0.041తో భాగిస్తే 10.2 మీటర్లు. రాయి అంత దూరంలో ఉంది. మీరు ఒక పిక్సెల్ అటూ ఇటూ పట్టుకున్నా తేడా ఓ 20 సెంటీమీటర్లే. అదే రాయి 100 మీటర్ల దూరంలో ఉంటే జరుగుడు ఐదు పిక్సెళ్లు మాత్రమే. అక్కడ ఒక్క పిక్సెల్ తేడా వస్తే 85 మీటర్లూ అనొచ్చు, 125 అనొచ్చు. రోవర్‌ని నడిపేవాళ్లు దగ్గరి నేల మీదే ఎందుకు నమ్మకంగా దారి గీస్తారో ఈ ఒక్క లెక్కతో అర్థమవుతుంది. కాగితం, కాలిక్యులేటర్ చాలు. జేపీఎల్ పెట్టిన దారి మ్యాపులో ఏ సోల్‌కి రోవర్ ఎక్కడ ఆగిందో చుక్కలుంటాయి, మీ కొలతని దాని మీద వేసుకోవచ్చు.

అర మార్కు కోత ఎందుకంటే, ఆ ఫొటోలు జేపెగ్‌గా కుదించినవి, వెలుగు చీకట్లు సాగదీసినవి. రంగు చూసి రాయి జాతి చెప్పేస్తాం అని దిగితే మోసపోతారు. అసలు కొలతలకి పనికొచ్చే నకలు నాసా గ్రహ డేటా భాండాగారంలోకి కొన్ని నెలల తర్వాత వస్తుంది. అది కూడా ఉచితమే, కాకపోతే ఆ ఫైళ్లు తెరవడం ఒక విద్య.

ఏఐఫర్‌మార్స్ గురించి రెండు ముక్కలు. శాస్త్రవేత్తల పనిలో జనం స్వచ్ఛందంగా చెయ్యివేసే జూనివర్స్ అనే వెబ్ వేదిక మీద 2020లో వచ్చింది. రోవర్ ఫొటో ఇస్తారు; గట్టిపడిన మట్టి ఏది, రాతి పలక ఏది, ఇసుక ఏది, పెద్ద రాయి ఏది అని గీతలు గీసి గుర్తుపెట్టాలి. మీ గీతలతో నేలని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌కి శిక్షణ ఇస్తారు. విసుగు పని, నిజం చెప్పాలంటే. కానీ 2009లో స్పిరిట్ పైపొర కింద మెత్తటి ఇసుకలో కూరుకుపోయి మళ్లీ బయటికి రాలేదని తెలిసినవాడికి ఇసుకకీ గట్టినేలకీ మధ్య గీత గీయడం చిన్న పనిలా అనిపించదు. నేను రాత్రి వార్తలు చూస్తూ చేస్తుంటాను. నాలుగు మార్కులు.

ఇప్పుడు హైవిష్.

మార్స్ రికానసెన్స్ ఆర్బిటర్ 2005 ఆగస్టులో బయల్దేరి 2006 మార్చిలో అంగారకుడిని చేరింది. ఆర్బిటర్‌ని కట్టింది లాక్‌హీడ్ మార్టిన్. దాని మీది హైరైజ్ కెమెరాని చేసింది బాల్ ఏరోస్పేస్, నడిపేది అరిజోనా విశ్వవిద్యాలయం. అర మీటరు అద్దం, సుమారు 300 కిలోమీటర్ల ఎత్తు నుంచి పిక్సెల్‌కి 25, 30 సెంటీమీటర్లు. అంటే బల్లంత రాయి కనబడుతుంది. ఇంత వివరంగా తీస్తే దెబ్బ ఏమిటంటే, ఒక్కో ఫొటో సన్నటి పట్టీ, వెడల్పు ఆరు కిలోమీటర్లకి అటూ ఇటూ. ఇన్నేళ్లు తీసినా గ్రహంలో కొద్ది శాతమే అయింది. మరి ఎక్కడ తీయాలి? 2010 జనవరిలో వాళ్లు ఆ ప్రశ్నని జనం ముందు పెట్టారు. ఖాతా తెరిచి, మ్యాపు మీద చోటు చూపించి, ఎందుకు తీయాలో రాస్తే మీ కోరిక కూడా శాస్త్రవేత్తల కోరికల వరసలోకి వెళ్తుంది. కుదిరిన రోజున కెమెరా అక్కడ చూస్తుంది. మరో గ్రహం చుట్టూ తిరిగే యంత్రానికి మీరు పని చెప్తున్నారన్నమాట, ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు.

పేజీ పాతకాలంది, ముద్దుగా ఏమీ ఉండదు. మ్యాపు మీద ఇదివరకు తీసిన పట్టీలన్నీ దీర్ఘచతురస్రాలుగా కనిపిస్తాయి, ఖాళీ ఉన్నచోట మీది గీసుకోవాలి. శీర్షిక, శాస్త్రీయ కారణం, ఏ అంశం కిందికి వస్తుందో ఎంచుకోవాలి. 'ఇక్కడ బాగుంటుంది' అని రాస్తే పని జరగదు. నేను ముందు కాంటెక్స్ట్ కెమెరా ఫొటోలు వెతికాను. అదే ఆర్బిటర్ మీది ఇంకో కెమెరా, పిక్సెల్‌కి 6 మీటర్లు, గ్రహం దాదాపు మొత్తం కవర్ చేసింది. ఒక బిలం గోడ నుంచి లోపలికి విసనకర్ర ఆకారంలో పరుచుకున్న మేట కనబడింది. నీరు తెచ్చి పోసిన మేటైతే దాని మీద పాత కాలువలు చుట్టుపక్కల నేల కంటే ఎత్తుగా మిగలాలి, ఎందుకంటే కాలువ అడుగున గులకలు గట్టిపడతాయి, పక్కల మెత్తటి మన్నుని గాలి తినేస్తుంది. 6 మీటర్ల పిక్సెల్‌లో అది తేలదు, 25 సెంటీమీటర్లలో తేలుతుంది. కారణం గడిలో నేను రాసింది అచ్చంగా ఇంతే. ఇంకా తీయలేదు. తీయకపోవచ్చు కూడా, ఏళ్లు పట్టిన కోరికలున్నాయని వాళ్లే చెప్తారు. కక్ష్య, ధూళి, వెలుగు కోణం, అంతకంటే తొందరగా కావలసిన రోవర్ పనులు, అన్నీ కలిసి రావాలి.

వరసలో ఉన్నవాళ్లకి ఊరట ఇచ్చే కథ ఒకటుంది. బీగిల్ 2 అనే బ్రిటిష్ ల్యాండర్. కాలిన్ పిలింజర్ అనే శాస్త్రవేత్త పట్టుదల మీద, కొంత ప్రభుత్వ సొమ్ము, కొంత ప్రైవేటు మద్దతు పోగుచేసి కట్టారు. కెమెరా రంగులు సరిచూసుకునే పలక మీద చిత్రకారుడు డేమియన్ హర్స్ట్ చుక్కల చిత్రం వేశాడు, దిగగానే పంపాల్సిన పిలుపు రాగాన్ని ఒక రాక్ బృందం కట్టింది. జనాన్ని కలుపుకోవడం అంటే ఇలా ఉండాలని అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు. 2003 డిసెంబరు 19న తనని మోసుకెళ్లిన యూరప్ ఆర్బిటర్ మార్స్ ఎక్స్‌ప్రెస్ నుంచి విడిపోయింది, 25న దిగాలి. ఆ రాగం ఎప్పుడూ వినబడలేదు. కూలిపోయిందన్నారు.

మార్స్ ఎక్స్‌ప్రెస్ నడిపిన బృందంలో ఒకప్పుడు పనిచేసిన మైకేల్ క్రూన్ వదల్లేదు. అది దిగాల్సిన ఇసిడిస్ మైదానంలో ఫొటోలు తీయమని కోరిక పెట్టాడు, ఎక్కడ అనుకున్నారు? ఈ హైవిష్‌లోనే. వచ్చిన ఫొటోల్లో అనుమానాస్పదమైన చుక్కలు పట్టుకున్నాడు. ల్యాండర్ మొత్తం విప్పుకున్నా రెండు మీటర్లలోపే, అంటే హైరైజ్‌లో ఏడెనిమిది పిక్సెళ్లు. వేర్వేరు రోజుల ఫొటోల్లో, సూర్యుడు వేర్వేరు చోట్ల ఉండగా, మెరుపు ఒక్కో రేకు మీద మారుతూ కనిపించింది. రాయి అలా మెరవదు. పక్కనే పారాచూటు, వెనక మూత. 2015 జనవరిలో ప్రకటించారు. కూలలేదు, దిగింది. సౌర ఫలకాలు మాత్రం అన్నీ విచ్చుకోలేదు. రేడియో ఆంటెన్నా ఆఖరి ఫలకం కింద ఉంది, అందుకే నోరు పెగల్లేదు. పిలింజర్ అప్పటికి కొన్ని నెలల ముందే, 2014 మేలో చనిపోయాడు. 11 ఏళ్లు ఓటమి అనిపించుకున్నది సగం గెలుపని తెలియకుండానే పోయాడు. నాకు ఈ ఒక్క విషయం మాత్రం మింగుడుపడదు.

ఇలాంటిదే ఇంకోటి: 1971 డిసెంబరులో దిగి క్షణాల్లో మూగబోయిన సోవియట్ మార్స్ 3 ల్యాండర్. రష్యాలో ఔత్సాహికులు విటాలీ ఎగొరోవ్ పూనికతో హైరైజ్ పాత ఫొటో పిక్సెల్ పిక్సెల్ గాలించి, పారాచూట్‌లా ఉన్న మచ్చని 2013లో చూపించారు. శాస్త్రవేత్తలు మళ్లీ అక్కడ ఫొటో తీయించారు. ఇక 2025 అక్టోబరులో హైరైజ్ తన లక్షో ఫొటో తీసింది, సిర్టిస్ మేజర్ ప్రాంతంలో. ఆ చోటు సూచించింది హైవిష్‌లో కోరిక పెట్టిన ఒక హైస్కూలు విద్యార్థి. పాతికేళ్లుగా ఆ రంగంలో ఉన్న శాస్త్రవేత్త కోరికా, ఆ కుర్ర కోరికా ఒకే వరసలో ఉన్నాయి.

కెమెరా ముసలిదైంది, అది చెప్పకపోతే సమీక్ష కాదు. 2023లో దాని మధ్య సెన్సర్లలో ఒకటి పోయింది. అప్పట్నుంచి కొత్త ఫొటోల నట్టనడుమ నిలువునా ఒక ఖాళీ పట్టీ ఉంటుంది. మీకు కావలసిన గుట్ట సరిగ్గా ఆ ఖాళీలో పడితే అదృష్టం అంతే. చోటు గీసేటప్పుడు ముఖ్యమైన భాగం పట్టీ నడిమధ్యన ఉండకుండా కాస్త పక్కకి జరపడం మంచిదని నా సలహా. ఐదుకి ఐదు మాత్రం తగ్గించను.

హైరైజ్ తర్వాత ఏమిటన్నదే ఇప్పుడు నా బెంగ. 2024 మేలో నాసా తొమ్మిది కంపెనీలని ఎంచి, అంగారకుడి దగ్గర వాణిజ్య సేవలు ఎలా ఇస్తారో 12 అధ్యయనాలు చేయమంది. సరుకు మోసుకెళ్లడం, రేడియో కబుర్లు అందించడం, ఫొటోలు తీసి ఇవ్వడం, ఇలాంటివి. జాబితాలో లాక్‌హీడ్ మార్టిన్, స్పేస్‌ఎక్స్, బ్లూ ఆరిజిన్ లాంటి పెద్దవాళ్లూ ఉన్నారు, ఫొటోల మీదే బతికే చిన్నవాళ్లూ ఉన్నారు. కంపెనీ చేతికి వెళ్తే పాడవుతుందని నేననను. ఇంజెన్యుయిటీ హెలికాప్టర్ అందుకు సాక్ష్యం. ఫోన్లలో వాడే క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ 801 ప్రాసెసర్, లినక్స్, ఎవరైనా చూడగలిగే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, ఎయిరోవైరన్‌మెంట్ కంపెనీ రెక్కలు. ఐదుసార్లు ఎగిరితే చాలనుకున్నది 2021 ఏప్రిల్ నుంచి 2024 జనవరి దాకా 72 సార్లు ఎగిరింది. దానిలో తమ కోడ్ ఉన్న దాదాపు 12 వేల మందికి కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్ ఒక బ్యాడ్జి ఇచ్చింది. తమ కోడ్ అంగారకుడి దాకా వెళ్లిందని ఆ బ్యాడ్జి చూశాకే చాలామందికి తెలిసింది!

కానీ కెమెరా సొంతదారు ఎవరు అన్నది వేరే ప్రశ్న. మాలిన్ వాళ్ల మాస్ట్‌క్యామ్ ఫొటో నాకు ఉచితంగా అందుతోందంటే వాళ్లకి దయ పుట్టి కాదు, ఆ కెమెరా ఎక్కిన మిషన్ ప్రభుత్వానిది, అక్కడి కట్టుబాటు అది. రేపు ఆర్బిటరూ కెమెరా రెండూ కంపెనీవే అయి, ప్రభుత్వం ఫొటోకింత అని కొనుక్కునే ఖాతాదారు మాత్రమే అయితే, ఆ ఫొటో మూడో మనిషికి ఎప్పుడు అందాలి, ముడిది అందాలా కుదించింది అందాలా, జనం పెట్టే కోరికలకి నూటికి ఎన్ని ఫొటోలు కేటాయించాలి అన్నవి కాంట్రాక్టులో ముందే రాసుకోకపోతే తర్వాత అడిగే నాథుడుండడు. ఆ తొమ్మిది కంపెనీల పేర్లతో ఏ టెండరు కాగితం బయటికొచ్చినా నేను రాకెట్ బొమ్మలు దాటేసి తిన్నగా డేటా హక్కుల పేజీకే వెళ్తాను.